బాలింతలును తీపి పానీయములును

చెఱకు పండించు రైతులతో చక్కెర మితముగా వాడుడని చెప్పబూనుట కొంత సాహసమే యగును. అయినను మన సభ్యులలో పెక్కండ్ర యిండ్లకు కూతుండ్రు పురిటికి వచ్చుచుందురు. వారికి మనము ప్రేమతో చేయు ఉపచారములలో నొకటి మేలుకంటె కీడే యెక్కువగా చేయుచున్నది. కావున ఎఱువుల సంగతియు పురుగుల సంగతియు ఈ మాసమునకు ప్రక్కనుంచి, బాలింత త్రాగు పానీయములను గూర్చి వ్రాయదలచితిని. ఇది ఆడవారి విషయమని పురుషులు ఈ పుటను దాటిపోవలదు. బజారునుండి సీసాలు కొని తెచ్చునది సాధారణముగా మనమే గదా.

పూర్వము బాలింతను చూడ వచ్చువారు నేతిగిన్నెయో, శొంఠికొమ్ములో, వెల్లుల్లి పాయలో, గ్రుడ్లో పట్టుకొని వచ్చుచుండిరి. ఇప్పుడు ఆసుపత్రిలో ఆమె మంచము ప్రక్కనున్న చిన్న బల్లపై చూడుడు: గ్లూకోజు పొడి డబ్బా యొకటి, పాలలో కలుపుకొను పొడుల డబ్బాలు రెండు, మామిడిపండు బొమ్మ వేసిన రసపు పెట్టెలు నాలుగు, పెద్ద కూల్‌డ్రింకు సీసా యొకటి. "కొంచెం తాగమ్మా, ఒంట్లోకి బలమొస్తుంది, పాలు పడతాయి" అని పెద్దలు గ్లాసు నిండ పోసి యిత్తురు. ఇంటికి వచ్చిన తరువాతను ఇదే వరుస. తెల్లవాఱగనే తీపి కాఫీ, ఎండ ఎక్కగనే గ్లూకోజు నీళ్లు, సాయంకాలము చూడవచ్చిన చుట్టముతోపాటు మఱియొక సీసా.

దీనికి తోడు మన పల్లెలలో ఇంకొక పాత యలవాటు కలదు. బాలింతకు మంచినీళ్లు కొలిచి యిత్తురు. ఎక్కువ త్రాగినచో పొట్ట తగ్గదనియు, ఒడలు నీరు పట్టుననియు, చంటిబిడ్డకు జలుబు చేయుననియు చెప్పుదురు. చెంబెడు నీళ్లకు అడ్డు చెప్పిన ఆ పెద్దలే సీసాడు తీపినీటికి అడ్డు చెప్పరు. ఏలయన అది వారి దృష్టిలో నీరు కాదు, బలము. పాలిచ్చు తల్లికి దాహము మెండు. నాలుక యెండి, అడుగుటకు మొగమాటపడి, ఇచ్చినదానిని ఆమె గటగట త్రాగివేయును. ఈ రెండు అలవాట్లును కలిసినచోటనే అసలు నష్టము జరుగుచున్నది.

పాల సంగతి మొదట తేల్చుకొందము. తల్లి దినమునకు ఇంచుమించు ముప్పాతిక లీటరు పాలిచ్చును. ఆ పాలలో నూటికి 87 పాళ్లు నీరే. పాడియావుకు కుడితి చూపక, నీళ్లు చూపక పాలు పిండుకొన జూచువానిని మనము వెఱ్ఱివాడందుము. ఇంటిలోని తల్లి విషయమున మాత్రము అదే పని చేసి జాగ్రత్త యనుకొందుము. దాహము వేసినప్పుడెల్ల ఆమె నీరు త్రాగవలయును. బిడ్డకు పాలిచ్చుటకు కూర్చున్నప్పుడు ప్రక్కన చెంబు నిండ నీళ్లుంచుట మంచిది. దానివలన బిడ్డకు జలుబు చేయదు.

అయితే దాహమునకు మించి త్రాగించినంత మాత్రమున పాలు పెరుగవు. రొమ్ము ఎంత ఖాళీ యైన అంత నిండును. బిడ్డ తఱచుగా, సరిగా రొమ్ము పట్టి, తృప్తి తీర త్రాగుటయే పాలు పెరుగు మార్గము. పిండక వదిలిన ఆవు పాలు తగ్గించుకొనుట మీరు చూచినదే. పాలలో నూటికి 7 పాళ్ల తీపి కలదు. ఆ తీపిని రొమ్ములోని పాలగ్రంథులే నెత్తురునుండి తయారు చేసికొనును. తల్లి తీపి త్రాగినను త్రాగకున్నను ఆ పాలు ఇంచుమించు మాఱదు. అన్నము, పప్పు, జొన్న, రాగి తిన్న తల్లి నెత్తురులో ఆ పనికి చాలినంత చక్కెర ఎప్పుడును ఉండును. కాబట్టి "పాలు పడుటకు తీపి" అను మాట ఎంత ప్రేమతో చెప్పినదైనను నిజము కాదు.

ఇక ఆ సీసాలలో ఏమున్నదో చూతము. చెఱకు కోతకు వచ్చినదా లేదా యని కర్మాగారమువారు చూచు చిన్న గొట్టమును మీరందఱు ఎఱుగుదురు. రసపు చుక్కనొకదానిని దాని అద్దముమీద వేసి, వెలుగు వైపు త్రిప్పి కన్నుంచి చూచినచో, ఆ రసములో నూటికి ఎన్ని పాళ్లు కరగిన పదార్థమున్నదో గీతలమీద తెలియును. దానినే బ్రిక్సు అందుము. ఒక వేసవిని చెఱకు ప్రదర్శనకు తీసికొనిపోయిన ఆ గొట్టముతోనే బజారు పానీయములను గూడ పరీక్షించి రైతులకు చూపితిని. నల్లని కూల్‌డ్రింకును గ్లాసులో పోసి, గాలి పోవువఱకు గిలకొట్టి, చుక్క వేయగా గీత 10కిని 11కిని నడుమ నిలిచెను. మామిడి రసమని అమ్మునది 13 దాటెను. ప్రక్కనే ఉన్న పెద్దరైతు ఒకరు తానును కన్నుంచి చూచి, "అయితే పక్వం కాని చెఱకు రసానికి రంగేసి అమ్ముతున్నారన్నమాట" అనిరి. అందఱు నవ్విరి గాని, లెక్కకు ఆ మాట చాల దగ్గఱది.

ఆ గీతలను గ్రాములలోనికి మార్చుకొనుట సులభము. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో సుమారు 27 గ్రాముల చక్కెర. 200 మిల్లీలీటర్ల మామిడి పెట్టెలోను దాదాపు అంతే. గ్లాసెడు నీళ్లలో రెండు పెద్ద గరిటెల గ్లూకోజు పొడి కలిపినచో 25 గ్రాములు. రెండు చెంచాల చక్కెర వేసిన కాఫీయో టీయో అయినచో కప్పునకు 10 గ్రాముల చొప్పున. బాలింత ఒక దినమున మూడు కప్పుల టీ, ఒక గ్లాసు గ్లూకోజు నీళ్లు, ఒక మామిడి పెట్టె, ఒక సీసా త్రాగెననుకొనుడు. ఇది అతిశయోక్తి కాదు, చుట్టములు గల యింట వేసవిలో సాధారణమే. అన్నియు కూడగా 109 గ్రాములు. గ్రాము చక్కెరకు 4 క్యాలరీల శక్తి గనుక, దాదాపు 435 క్యాలరీలు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ప్రచురించిన ఆహార సూత్రములలో పెద్దవారికి దినమునకు 25 గ్రాములకు మించిన చక్కెర అధికమని చెప్పబడినది. ఒక్క సీసాతోనే ఆ హద్దు దాటుచున్నది.

పరిశుద్ధమైన మన చెఱకు రసము మాటయేమని అడుగుదురు. పక్వమునకు వచ్చిన చెఱకు రసములో నూటికి 16 మొదలు 18 పాళ్లు చక్కెరయే. మంచు కలిపి పలుచన చేయని గ్లాసెడు రసము కూల్‌డ్రింకు సీసాను మించును. మన తోటలోనిదగుటచేత లెక్క మాఱదు.

తిన్న తీపికిని త్రాగిన తీపికిని భేదమున్నది. ఈ వ్యాసమున ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే. రెండు అరిసెలు తిన్నవారికి కడుపు నిండినట్లుండి తరువాతి భోజనమున అన్నము కొంత తగ్గును. అంతే చక్కెర నీళ్లలో కలిపి త్రాగినచో అన్నము తగ్గదు. నమలుట లేదు, పీచు లేదు, కడుపులో నిలుచుట లేదు. దేహము దానిని తిండిగా లెక్క వ్రాసికొనదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2000లో ప్రచురించిన చిన్న పరిశోధన యొకటి కలదు. 15 మందికి నాలుగు వారములు దినమునకు 450 క్యాలరీల మిఠాయి బిళ్లలు తినిపించిరి. మఱి నాలుగు వారములు అంతే శక్తి గల సోడా త్రాగించిరి. మిఠాయి తిన్న వారములలో వారు తమకు తెలియకయే మిగిలిన తిండి తగ్గించుకొనిరి. సోడా త్రాగిన వారములలో తిండి యేమాత్రము తగ్గలేదు, బరువు పెరిగినది. వారు బాలింతలు కారు, సంఖ్యయు తక్కువ. అయినను పెద్ద పరిశీలనలును ఆ దారినే చూపుచున్నవి. అదే దేశమున 51 వేలకు పైబడిన నర్సులను 1991 మొదలు 1999 వఱకు గమనించిన ఫలితములు 2004లో వెలువడినవి. వారమునకు ఒకటికి మించని తీపి పానీయములను దినమునకు ఒకటియో అంతకు మించియో చేసికొన్న స్త్రీలు నాలుగేండ్లకు సగటున 4 కిలోలకు మించి బరువెక్కిరి. అదే కాలమున ఆ పానీయములను తగ్గించుకొన్నవారు మొదటి నాలుగేండ్లలో కిలోకు కొంచెము పైన, తరువాతి నాలుగేండ్లలో ఇంచుమించు ఏమియు పెరుగలేదు.

ఇప్పుడు బాలింత దేహపు లెక్కకు వత్తము. గర్భిణి సాధారణముగా 10, 12 కిలోలు పెరుగును. కాన్పుతో బిడ్డ, మావి, ఉమ్మనీరు, నెత్తురు పోగా 5, 6 కిలోలు వెంటనే దిగును. తరువాతి వారములలో ఒంటి నీరు లాగి, గర్భసంచి ముడుచుకొని ఇంకను కొంత తగ్గును. మిగిలినది ముఖ్యముగా కొవ్వు. ఇది దోషము కాదు, రోగము కాదు. కఱవు కాలమున బిడ్డకు పాలు తప్పకుండ ప్రకృతి గాదెలో పోసి యుంచిన గింజ. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు నెలలు దినమునకు 600 క్యాలరీల అదనపు శక్తి కావలెనని భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో నిర్ణయించిరి. ఆ శక్తిలో కొంత తిండినుండియు, కొంత ఆ గాదెనుండియు వచ్చినచో బరువు మెల్లమెల్లగా దానంతటదియే దిగివచ్చును. దినదినము 400 క్యాలరీలు సీసాలలో వచ్చి పడుచుండగా గాదె తలుపు తెఱచు పనియేమి?

కాగితముమీది లెక్క ఇట్లుండును. అక్కఱకు మించి దినమునకు 200 క్యాలరీలు నిలువ చేరినచో ఆఱు నెలలకు 36 వేలు. కిలో కొవ్వునకు సుమారు 7,700 క్యాలరీలు గనుక, నాలుగున్నర కిలోలు. దేహము కరణముగారి చిట్టావలె ఖచ్చితముగా నడువదు గావున నిజమునకు కొంత తక్కువయే యగును. అయినను ఆ మూడు నాలుగు కిలోలే తరువాతి కాన్పునకు మొదటి మెట్టు. రెండవ గర్భము ఆ బరువుమీదనే మొదలగును, దానిమీద మఱికొంత నిలుచును. ముప్పది యేండ్లు దాటునప్పటికి మోకాళ్లు పట్టుకొని నాట్లకు వంగలేని స్త్రీలను మీరు చూడలేదా? వారెవరును ఒక్కనాడు అట్లయినవారు కారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది, తెలంగాణమున 30 మంది. "బాలింత ఒళ్లు, అలాగే ఉంటుంది" అని మనము తేలికగా తీసివేయు మాట వెనుక ఇంత యున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకున్నచో ఈ వ్యాసము హాని చేయగలదు. బరువు తగ్గవలెనని బాలింతకు అన్నము తగ్గింపరాదు. పత్యము పేర నెలల తరబడి మిరియాల కారము, అన్నము మాత్రమే పెట్టుటయు ఎంతమాత్రము మంచిది కాదు. పైన చెప్పిన సర్వేలోనే మన రెండు రాష్ట్రములలోను నూటికి దాదాపు 58 మంది స్త్రీలు రక్తహీనత గలవారని తేలినది. ఆంధ్రప్రదేశమున నూటికి 15 మంది, తెలంగాణమున 19 మంది ఉండవలసిన బరువుకంటె తక్కువ గలవారు. ఒకే యింట బక్కచిక్కిన కోడలును లావెక్కిన కూతురును ఉండుట అరుదు కాదు. తీపి పానీయములు ఇద్దఱికిని పనికిరావు. లావైనదానికి అవి బరువు పెంచును. చిక్కినదానికి ఆకలి చంపి పప్పు, గ్రుడ్డు, ఆకుకూర తినకుండ చేయును. పాలిచ్చు కాలమున మాంసకృత్తులు మామూలుకంటె దినమునకు 17 గ్రాములు ఎక్కువ కావలెను. చక్కెరలో అవి అణుమాత్రమును లేవు. కాన్పు తరువాత 180 దినములు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు ఇనుము మాత్రలు డబ్బాలో పడియుండగా, వందల రూపాయలు పోసి "బలపు పొడి" కొని తెచ్చుట నాకెప్పుడును అర్థము కాదు. ఆ పొడి డబ్బాల వెనుక సన్నని అక్షరములలో చక్కెర యెంతయో వ్రాసి యుండును. చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనుడు.

బెల్లమును గూర్చి అడుగనివారుండరు. అనకాపల్లి బజారున దిమ్మలు దించువారికి బెల్లము చక్కెరవంటిదేనని చెప్పినచో కోపము వచ్చును. బెల్లమునకు రుచి కలదు, వాసన కలదు, కొంచెము ఇనుమును కలదు. కాని ఆ ఇనుము నూఱు గ్రాములకు 5 మిల్లీగ్రాములకు మించదు. పాలిచ్చు తల్లికి దినమునకు కావలసినది 23 మిల్లీగ్రాములు. ఉసిరికాయంత బెల్లముముక్కతో వచ్చునది ఒక మిల్లీగ్రాము గూడ కాదు. ఇనుము కొఱకని బెల్లపు పానకము గ్లాసుల కొలది త్రాగించుట, గుప్పెడు ఎఱువు కొఱకు బండెడు ఇసుక తోలుకొనుటవంటిది. బాలింతకు పెట్టు శొంఠి బెల్లపు ఉండను, కాయమును నేను కాదనుట లేదు. అది నమలి తినునది, ఉసిరికాయంత చాలునని మన పెద్దలే కొలత పెట్టిరి. ఆ కొలతను పాటించినచో చాలును. బెల్లము వేసినదని కాఫీ నాలుగు గ్లాసులు త్రాగుటకు అది సాకు కారాదు.

"చక్కెర వాడకము తగ్గినచో మా చెఱకు ఎవరు కొందురు?" అని మన సభలో ఒకరు లేచి అడిగినచో తప్పు పట్టను. 1933లోనే ఏటికొప్పాకలో రైతులు కూడి సహకార పద్ధతిని చక్కెర మిల్లు పెట్టుకొన్న ప్రాంతము మనది; ఆ పంట మన పిల్లలను చదివించినది. అందుచేత లెక్కయే చూతము. 2025–26 కాలమునకు కేంద్ర ప్రభుత్వము, నూటికి 10.25 చక్కెర దిగుబడి గల చెఱకునకు, క్వింటాలు 355 రూపాయలుగా ధర నిర్ణయించెను. సీసాలోని 27 గ్రాముల చక్కెరకు పావుకిలోకు కొంచెము పైగా చెఱకు చాలును. దానికి రైతునకు ముట్టునది రూపాయికి లోపే. ఇరువది రూపాయలకు అటునిటుగా పోసి సీసా కొన్న రైతు తన పంటకు తానే ధర యిచ్చుకొనుచున్నాననుకొనుట భ్రమ. అదియుగాక చెఱకు ఇప్పుడు ఇథనాలుగా పెట్రోలులో కలియుచున్నది. ఆ దారి పెద్దదగుచున్నది. మన కూతుండ్ర నడుము కొలత పెరిగిననే మన చెఱకు అమ్ముడుపోవునను స్థితి లేదు, రాకూడదు కూడ.

మఱి ఏమి త్రాగవలెను? మొదటిది మంచినీరు, కాచి చల్లార్చినది. ఊరక నీరు సహింపనివారు జీలకఱ్ఱయో వామో వేసి కాచుకొనవచ్చును. రెండవది మజ్జిగ. పలుచగా చిలికి, ఉప్పు కొంచెము, కరివేపాకు, శొంఠిపొడి చిటికెడు వేసినచో ఎండకాలమున దానిని మించినది లేదు. బాలింతకు మజ్జిగ చలువ చేయునని కొన్ని యిండ్లలో ఇయ్యరు. అట్టి పెద్దలతో వాదమునకు దిగక, చల్లనిది కాక అప్పుడే తోడుకొన్న పెరుగుతో చిలికి యిచ్చినచో సాధారణముగా ఒప్పుకొందురు. రాగి అంబలి ఉప్పును మజ్జిగయు కలిపి త్రాగినచో అది పానీయమును, తిండియు రెండును అగును. దానిలో బెల్లము వేసినచో మరల మొదటికే వచ్చితిమి. పాలు తీపి లేకనే త్రాగుట వారము దినములలో అలవాటగును. పెసరకట్టు, ఉలవచారు, కూరగాయల చారు సాయంకాలపు టీకి బదులుగా చక్కగా సరిపోవును. టీ, కాఫీలను మానలేనివారు భోజనమునకు గంట ముందును గంట తరువాతను త్రాగకున్న మంచిది, ఏలయన తిండిలోని ఇనుము ఒంటబట్టకుండ అవి అడ్డుపడును. చక్కెరను ఒక్కనాడే మానిపించబోకుడు. రెండు చెంచాల కప్పునకు ఒకటిన్నర, పది దినముల తరువాత ఒకటి, ఆ తరువాత అర. నాలుక మెల్లగా దారికి వచ్చును. పండు కావలెనన్నచో జామయో బత్తాయియో నమలి తినుడు. పిండి, వడగట్టి, చక్కెర వేసి రసము చేయుటలో పీచు పోవును, చక్కెర నిలుచును. చక్కెర లేదని చెప్పి అమ్ము సీసాలు బరువు తగ్గించుటకు పనికిరావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా యిచ్చెను గావున ఆ దారియు త్రొక్కనక్కఱలేదు.

విరేచనములు పట్టుకొన్నప్పుడు మాత్రము ఉప్పు, చక్కెర కలిసిన ఓఆర్ఎస్ నీరు తప్పక త్రాగవలెను. అది మందు. అయితే అందులో లీటరునకు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఆ పేరు పెట్టుకొని పలు రెట్లు తీపి గల పానీయములు పెట్టెలలో అమ్ముడుపోవుచుండగా, హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించెను. కాన్పు తరువాత వచ్చు మామూలు నీరసమునకు ఈ పొట్లములును అక్కఱలేదు. అన్నము, నీరు, నిద్ర చాలును. ఆ మూడవది బాలింతకు దొరకునట్లు చేయుట ఇంటివారి పని. బిడ్డను ఒక గంట ఎత్తుకొనుడు, ఆమె పండుకొనును.

కడపట, గర్భిణిగా నున్నప్పుడు చక్కెర వ్యాధి కనబడిన స్త్రీలను గూర్చి. కాన్పు కాగానే నెత్తురులో చక్కెర దిగిపోవును గావున "పోయింది" అని యింటిల్లిపాది సంతోషించి మిఠాయి పంచుదురు. ఆ వ్యాధి చాలమందికి అప్పటికి పోవుట నిజమే. కాని అట్టివారికి ముందు ముందు శాశ్వతముగా మధుమేహము వచ్చు అవకాశము ఇతర స్త్రీలకంటె 7 రెట్లు మించి యుండునని 2009లో వెలువడిన పెద్ద పరిశీలనయొకటి తేల్చినది. పైన చెప్పిన నియమములు అందఱికిని మంచివే గాని, వీరికి తప్పనిసరి. వీరింట సీసా కనబడరాదు. పాలిచ్చుట, బరువు మెల్లగా దించుకొనుట, దినమునకు అరగంట నడుచుట వీరికి నిజమైన రక్షణ. కోతతో కాన్పు అయినవారు నడక ఎప్పుడు మొదలిడవలెనో వైద్యుని అడిగి మొదలిడవలెను.

వీరు కాన్పైన ఆఱు వారములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత నెత్తురు తీసి చూతురు. 140కి లోపున్నచో మంచిది, 140కిని 199కిని నడుమ నున్నచో జాగ్రత్త, 200 మొదలుకొని వ్యాధియే. పుట్టింట నున్నందున కూతురు పేరు అత్తవారి యూరి పుస్తకములో నుండి, ఈ పరీక్ష ఎవరికిని పట్టక తప్పిపోవుట సాధారణము. కావున కాన్పు కాగితములు జాగ్రత్తగా నుంచి, మన యూరి ఆశా కార్యకర్తకు ముందే చూపుడు. బిడ్డకు ఆఱు వారముల టీకాలు వేయించ పోవు దినమునే తల్లికిని ఈ పరీక్ష చేయించినచో ఒక్క ప్రయాణముతో రెండు పనులు జరుగును. రెండు గంటలు కూర్చుండవలసి యుండును గావున ప్రొద్దుననే బయలుదేరి, వెంట చెంబెడు మంచినీళ్లును, పరీక్ష ముగిసిన తరువాత తినుటకు అన్నపు డబ్బాయు తీసికొనిపొండు. అక్కడ త్రాగించు ఆ తీపినీరు మాత్రము ఈ వ్యాసమున వలదన్న వానిలో చేరదు.